అద్దె ఇంటికి రాసుకుంటాం.. మందుకు అక్కర్లేదా?

ఇంట్లో షుగరు ఉన్నవాళ్లకు సిటాగ్లిప్టిన్ పేరు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఆ మాత్ర ఒకచోట ‘జానువియా’గా, ఇంకోచోట ‘ఇస్టావెల్’గా దొరికేది. రెండింటిలో మందు ఒకటే. మొదటిది దాన్ని కనిపెట్టిన మెర్క్ కంపెనీది. రెండోదాన్ని ఆ కంపెనీతో 2011లో ఒప్పందం చేసుకుని సన్ ఫార్మా అమ్మింది. అదే మందును ఒప్పందం లేకుండా మార్కెట్లోకి తెచ్చిన గ్లెన్‌మార్క్‌ను ఢిల్లీ హైకోర్టు 2015లో ఆపేసింది. 2022లో పేటెంటు గడువు తీరింది. ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి చాలా కంపెనీలు రంగంలోకి దిగాయి. ధర బాగా తగ్గింది.

ఇన్నేళ్లలో మాత్ర మారలేదు, మీ జబ్బూ మారలేదు. మారిందల్లా దాన్ని ఎవరు తయారు చేయొచ్చు, ఎవరు అమ్మొచ్చు అన్న హక్కు. ఒకరి హక్కును ఇంకొకరు వాడుకోవడానికి రాసుకునే కాగితమే లైసెన్సు ఒప్పందం. మందు గురించి మనం డాక్టరును అడుగుతాం, షాపులో అడుగుతాం. ఈ కాగితం గురించి మాత్రం ఎవరినీ అడగం. అది కంపెనీల వ్యవహారం, లాయర్ల పని అని వదిలేస్తాం.

కానీ ఆ కాగితం సరిగ్గా రాయకపోతే నష్టపోయేవాళ్లలో సంతకం పెట్టని మూడో మనిషి కూడా ఉంటారు. ఆ మనిషి మందు వేసుకునే మీరే. అందుకే లైసెన్సు ఒప్పందంలో ఏముండాలో మామూలు కుటుంబాలకూ కొంత తెలియాలి. ప్రజల సొమ్ముతో పుట్టిన మందులూ టీకాల విషయంలోనైతే ఆ ఒప్పందం అందరి ముందూ ఉండాలి. ఇదీ నేను చెప్పదలచుకున్నది.

తెలివికీ అద్దె ఉంది

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో గుర్తు తెచ్చుకోండి. తెలిసినవాళ్ల అబ్బాయికే ఇస్తున్నా పదకొండు నెలలకు స్టాంపు పేపరు మీద రాయించుకుంటాం. అద్దె ఏ తేదీలోపు ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించాలి, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి.. అన్నీ ఉంటాయి. అవతలి మనిషి మీద అనుమానంతో కాదు, రేపు మాట తేడా వచ్చి మనసులు విరగకూడదని.

లైసెన్సు కూడా అలాంటిదే. మందును కనిపెట్టినవారికి పేటెంటు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ హక్కును అమ్మేయకుండా ఇంకొకరిని వాడుకోనివ్వడమే లైసెన్సు. దానికి ఇచ్చే అద్దె పేరు రాయల్టీ. తేడా ఒక్కటే. ఒక వాటాలో ఒక కుటుంబమే ఉండగలదు. ఒక మందు తయారీ విధానాన్ని పది కంపెనీలు ఒకేసారి వాడుకోవచ్చు. అందుకే ఎందరికి ఇస్తున్నారు, ఏ దేశాల కోసం, ఏ జబ్బు కోసం, ఎప్పటిదాకా అన్న ప్రశ్నలు ఇక్కడ అదనంగా వస్తాయి.

మన పేటెంట్ల చట్టంలోని 68వ సెక్షన్ ఈ విషయంలో కచ్చితంగా ఉంది. పేటెంటు లైసెన్సు చెల్లాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి. ఇరువైపుల హక్కులు, బాధ్యతలకు సంబంధించిన షరతులన్నీ ఆ పత్రంలో ఉండాలి. ‘మిగతావి తర్వాత చూసుకుందాం’ అనే మాటకు చట్టంలో చోటు లేదు. గొడవలు ఎక్కువగా పుట్టేది మాత్రం ఆ మాట దగ్గరే.

షరతులు స్పష్టంగా రాస్తే..

మంచి లైసెన్సు ఎలా ఉంటుందో చూడాలంటే మన హైదరాబాద్ కంపెనీ ఉదాహరణే ఉంది. కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సోరఫెనిబ్ మందును బేయర్ కంపెనీ ‘నెక్సావర్’ పేరుతో అమ్మేది. నెలకు సుమారు రూ.2.80 లక్షలు. మధ్య తరగతి కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టినా కొన్ని నెలలకు మించి కొనలేని ధర. నాట్కో ఫార్మా 2010 చివర్లో బేయర్‌ను లైసెన్సు అడిగింది. బేయర్ ఇవ్వలేదు. దాంతో నాట్కో చట్ట ప్రకారం పేటెంట్ల కంట్రోలర్‌ను ఆశ్రయించింది. 2012 మార్చి 9న మన దేశంలో మందుకు తొలి కంపల్సరీ లైసెన్సు వచ్చింది. నెలకు సరిపడా 120 మాత్రల ధర రూ.8,880కి దిగింది.

ఈ కథ చాలామంది విన్నదే. ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది ఆ ఉత్తర్వులోని షరతుల గురించి. మందు కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకే. అమ్మకం మన దేశంలోనే. ధర రూ.8,880 దాటకూడదు. రాయల్టీ నికర అమ్మకాల మీద 6 శాతం, మూడు నెలలకోసారి లెక్క చెప్పి కట్టాలి. నాట్కో తన సొంత ఫ్యాక్టరీలోనే చేయాలి, ఇంకొకరికి అప్పగించకూడదు. మాత్ర రంగు, ఆకారం, పేరు, ప్యాకింగ్ బేయర్ మందుకు వేరుగా కనిపించాలి. ఏడాదికి కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. మందు వల్ల ఏదైనా జరిగితే బాధ్యత నాట్కోదే, బేయర్‌ది కాదు. పేటెంటు ఉన్నన్నాళ్లూ ఈ లైసెన్సు ఉంటుంది.

ఒక్కో షరతూ ముందే ఒక్కో గొడవకు తలుపు మూసేసింది. లైసెన్సు ఇవ్వడమే తప్పని బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2014 డిసెంబరులో అక్కడా ఓడిపోయింది. మధ్యలో అప్పీలు బోర్డు రాయల్టీని 7 శాతానికి పెంచింది. ఇష్టం లేని పక్షం మీద రుద్దిన లైసెన్సు కాబట్టి కోర్టు మెట్లు తప్పలేదు. అయినా షరతులు ఇంత విడమరిచి ఉండటంతో ‘ఏం రాశారు, దానికి అర్థమేమిటి’ అన్న తగవుకు పెద్దగా తావు లేకపోయింది. ఇష్టపడి రాసుకునే ఒప్పందాల్లో కూడా ఇంత స్పష్టత ఉంటే సగం కేసులు పుట్టవు.

ఏ దేశం వాళ్లకు?

లైసెన్సులో మనుషుల ప్రాణాలతో నేరుగా ముడిపడిన పేరా ఒకటుంది. ఏయే దేశాల్లో అమ్మొచ్చో చెప్పే జాబితా అది. హెపటైటిస్-సి మందు సోఫోస్‌బువిర్ 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర 1,000 డాలర్లు. 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. 2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ ఏడు భారతీయ తయారీదారులకు లైసెన్సులిచ్చింది. వాటిలో మన హెటిరో ఒకటి. ఆ మరుసటి ఏడాది నాట్కో కూడా చేరింది. ఎవరి ధర వాళ్లు పెట్టుకోవచ్చు, ఏ ఒక్కరికీ ఏకఛత్రాధిపత్యం లేదు. పోటీ పెరిగింది, ధర పడిపోయింది. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఈ చికిత్సను ఉచితంగా ఇవ్వగలుగుతోందంటే దాని వెనక ఈ పోటీ ఉంది.

అయితే ఆ ఒప్పందాల్లో ఉన్నవి 91 దేశాలే. చైనా, బ్రెజిల్ లాంటి పెద్ద దేశాలు ఆ జాబితాలో లేవు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన మాత్ర ఒక దేశపు రోగికి చేరింది, ఇంకో దేశపు రోగికి చేరలేదు.

తాజా ఉదాహరణ లెనాకాపవిర్. హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేసుకునే ఇంజెక్షన్ ఇది. అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. 2024 అక్టోబరులో గిలియడ్ రాయల్టీ లేకుండా ఆరు కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది. అందులో మన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని ఈ రెండు కంపెనీల భాగస్వామ్యాలు 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. జాబితాలో 120 దేశాలున్నాయి, మన దేశమూ ఉంది. కానీ ఈ మందు ప్రయోగాలకు ఒళ్లప్పగించిన వలంటీర్లున్న బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ లేవు. ప్రయోగానికి పనికొచ్చిన దేశం మందుకు పనికిరాకుండా పోయింది. ఒప్పందం రాసేటప్పుడే ‘పరీక్షలు జరిగిన దేశాలన్నీ అమ్మకపు జాబితాలో ఉంటాయి’ అని ఒక్క వాక్యం చేరిస్తే ఈ అన్యాయం ఉండేది కాదు. రేపు మన ఊళ్లో ఏదైనా మందు ప్రయోగానికి వలంటీర్లుగా పిలిస్తే మనమూ అడగాల్సిన ప్రశ్నే ఇది.

ఎప్పటిదాకా, బయటికి దారెటు?

కొవిడ్ రోజుల్లో రెమ్‌డెసివిర్ కోసం ఎంత తిరిగామో మరచిపోలేం. 2020 మేలో దాని లైసెన్సులు ఇచ్చినప్పుడు రాయల్టీ వద్దన్నారు. అయితే ఆ మినహాయింపునకు రెండు హద్దులు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించడం ఒకటి. కొవిడ్‌కు వేరే మందుకో టీకాకో ఆమోదం రావడం రెండోది. ఏది ముందైతే అది.

చూడటానికి తేలిగ్గా ఉంది కదా! కానీ ఆ రెండు సంఘటనల మధ్య దూరం గమనించండి. టీకాలకు 2020 డిసెంబరులోనే అనుమతులు రావడం మొదలైంది. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న. రెండున్నరేళ్ల తేడా. ఇలాంటి పదాలు వాడినప్పుడు ‘ఆమోదం’ అంటే ఏ దేశపు నియంత్రణ సంస్థది, అత్యవసర వినియోగ అనుమతి కూడా లెక్కలోకి వస్తుందా అన్నది కూడా పక్కనే రాసుకోవాలి. తేదీకి బదులు సంఘటనను హద్దుగా పెట్టుకుంటే ఆ సంఘటనకు అర్థం చెప్పి తీరాలి.

బయటికి దారి చూపించే వాక్యం ఎంత మేలు చేస్తుందో అరబిందో ఫార్మా కథ చెబుతుంది. జెనీవాలో మెడిసిన్స్ పేటెంట్ పూల్ అనే సంస్థ ఉంది. 2010లో ఏర్పడింది. మందుల కంపెనీల నుంచి లైసెన్సులు తీసుకుని జనరిక్ తయారీదారులకు ఇస్తుంది. 2011లో అరబిందో దానితో ఒప్పందం చేసుకుంది. అందులో చాలా హెచ్ఐవీ మందులున్నా, వాటిలో ఏ ఒక్కదాన్నయినా విడిగా వదులుకునే వీలు రాశారు. టెనోఫోవిర్‌కు మన దేశంలో అప్పటికే పేటెంటు నిరాకరించారు. అరబిందో ఆ ఒక్క మందును లైసెన్సులోంచి తీసేయించుకుంది. దాంతో రాయల్టీ కట్టక్కర్లేదు, జాబితాలో లేని దేశాలకూ అమ్ముకోవచ్చు. మిగతా మందుల లైసెన్సు చెక్కుచెదరలేదు. కోర్టు లేదు, నోటీసులు లేవు. ముందుచూపుతో రాసిన ఒక్క షరతు అంత పని చేసింది. పది మందులను ఒకే మూటగా కట్టి ‘తీసుకుంటే అన్నీ తీసుకో’ అని రాసి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

‘ఇద్దరిదీ’ అని రాస్తే సరిపోదు

మనలో చాలామంది వేయించుకున్న కొవాగ్జిన్ విషయానికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిసి చేసిన టీకా ఇది. వైరస్‌ను వేరుచేసి ఇచ్చింది మండలికి చెందిన పుణె వైరాలజీ సంస్థ. ప్రయోగాలకు మండలి రూ.35 కోట్లు ఖర్చు పెట్టిందని ప్రభుత్వం 2021లో పార్లమెంటుకు చెప్పింది. ఒప్పందంలోని ముఖ్యాంశాలూ అప్పుడే చెప్పింది. నికర అమ్మకాల మీద మండలికి 5 శాతం రాయల్టీ, దేశీయ అవసరాలకు మొదటి ప్రాధాన్యం, టీకా పెట్టెల మీద మండలి పేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, మేధోసంపత్తి ఇద్దరిదీ ఉమ్మడిగా.

ఇంత స్పష్టంగా ఉన్నా 2024 జూన్‌లో ఒక వార్త వచ్చింది. పేటెంటు దరఖాస్తులో మండలి పేరు లేదు. అది ఉద్దేశపూర్వకం కాదనీ, పొరపాటున జరిగిందనీ, మండలి పేరు చేరుస్తున్నామనీ కంపెనీ ప్రకటించింది. వివాదం అక్కడితో చల్లారింది. సంతోషం. కానీ నేర్చుకోవాల్సింది మిగిలే ఉంది.

ఉమ్మడి ఆస్తి గొడవలు మనకు కొత్త కాదు. తాత కట్టిన ఇల్లు ‘అన్నదమ్ములిద్దరిదీ’ అని కాగితంలో ఉంటుంది. పన్ను ఎవరి పేరున కట్టాలో, రికార్డుల్లో పేరు ఎవరు ఎక్కించాలో ఉండదు. పదేళ్ల తర్వాత ఒకరి పేరే కనిపిస్తుంది. మేధోసంపత్తిలోనూ అంతే. ‘ఇద్దరిదీ’ అన్న మాట పక్కన దరఖాస్తు ఎవరు వేస్తారు, వేయకముందు రెండోవారికి ఎన్ని రోజుల ముందు చూపించాలి, ఖర్చు ఎవరిది, ఏయే దేశాల్లో వేయాలి, ఒకరు వెనక్కి తగ్గితే రెండోవారు కొనసాగించొచ్చా అన్నవి ఉండాలి.

చట్టంలో ఒక కిటుకు కూడా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే, ఉమ్మడి పేటెంటును ఒక యజమాని రెండోవారికి లెక్క చెప్పకుండానే సొంతంగా వాడుకోవచ్చు. కానీ రెండోవారి అనుమతి లేకుండా మూడోవారికి లైసెన్సు ఇవ్వలేరు. 50వ సెక్షన్ చెప్పేది ఇదే. ప్రభుత్వ సంస్థకు ఫ్యాక్టరీ ఉండదు కాబట్టి వాడుకునే హక్కు దానికి అంతగా పనికిరాదు. కంపెనీ ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇవ్వనూ లేదు. అందువల్ల ప్రభుత్వ సంస్థ ఉమ్మడి హక్కుతో తృప్తి పడకూడదు. ‘కంపెనీ తగినంత సరఫరా చేయలేకపోతే మరో తయారీదారుకు లైసెన్సు ఇచ్చే అధికారం మాకుంటుంది’ అని విడిగా రాయించుకోవాలి.

కొలతలు ఇస్తే ఆవకాయ వస్తుందా?

కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కొలతలు రాసిచ్చినంత మాత్రాన అమ్మమ్మ చేతి ఆవకాయ రాదు. కాయ ఎలాంటిది ఎంచుకోవాలి, తడి ఎంత ఆరాలి, జాడీ ఎన్నో రోజు కలియబెట్టాలి అన్నవి పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. మందుల్లో, ముఖ్యంగా టీకాల్లో కూడా అంతే. పేటెంటు పత్రం ఒక్కటే సరిపోదు. కణాల నమూనా, తయారీ పద్ధతి, పరీక్షల విధానం, వచ్చి చూపించే మనిషి.. ఇవన్నీ కావాలి.

పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు 2022 మార్చి నుంచి వేసిన కార్బెవాక్స్ గుర్తుందా? అమెరికాలోని టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు రూపొందించిన విధానంతో హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ దాన్ని తయారు చేసింది. ఆ శాస్త్రవేత్తలు పేటెంటు తీసుకోలేదు. అయినా లైసెన్సు ఒప్పందం ఉంది. ఎందుకంటే అక్కడ చేతులు మారింది పరిజ్ఞానం. ప్రభుత్వానికి ఒక్కో డోసు పన్నులు కాకుండా రూ.145కే వచ్చింది. కాబట్టి ‘సాంకేతిక పరిజ్ఞానం ఇస్తాం’ అని ఊరికే రాస్తే కుదరదు. ఏయే పత్రాలు, ఏయే నమూనాలు, ఎన్ని రోజుల్లోపు, శిక్షణ ఎన్నాళ్లు అన్న జాబితా ఒప్పందానికి జత కావాలి.

మెత్తని మాటలతో గట్టి తగాదాలు

ఒప్పందాల్లో వినడానికి హాయిగా ఉండే మాటలు కొన్ని ఉంటాయి. ‘సాధ్యమైనంత ప్రయత్నిస్తాం’, ‘తగిన సమయంలో’, ‘పరస్పర అంగీకారంతో’. ఇవే తర్వాత కోర్టుకెక్కుతాయి. మనం కొవిషీల్డ్‌గా వేయించుకున్న ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా టీకానే యూరోపియన్ యూనియన్ కూడా 2020 ఆగస్టులో కొనుక్కుంది. అది లైసెన్సు కాదు, కొనుగోలు ఒప్పందం. కానీ పాఠం ఒకటే. సరఫరాకు సహేతుకమైన మేరకు అత్యుత్తమ ప్రయత్నం చేస్తామని అందులో ఉంది. టీకాలు అనుకున్నన్ని రాలేదు. ప్రయత్నం అంటే ఏమిటన్న దగ్గర తగువు మొదలై 2021లో బ్రసెల్స్ కోర్టుకు చేరింది. జూన్‌లో తీర్పు వస్తే ఇరుపక్షాలూ మేమే గెలిచామన్నాయి. చివరికి సెప్టెంబరులో రాజీపడ్డాయి. జనం టీకా కోసం ఎదురుచూస్తున్న నెలల్లో ఇదంతా జరిగింది.

రాయల్టీ దగ్గర కూడా ఇలాంటి మెత్తని మాట ఉంది. అదే ‘అమ్మకాలు’. ఉదాహరణకు ఒక స్ట్రిప్ ఎమ్మార్పీ రూ.100 అనుకోండి. డీలరు, షాపు కమీషన్లు, పన్ను పోను కంపెనీ చేతికి రూ.70 వస్తుందనుకుందాం. 5 శాతం రాయల్టీ ఎమ్మార్పీ మీదైతే రూ.5. చేతికొచ్చిన దాని మీదైతే రూ.3.50. ఏడాదికి కోటి స్ట్రిప్పులు అమ్మితే తేడా రూ.కోటిన్నర. గడువు దాటి వెనక్కొచ్చిన సరుకు, డాక్టర్లకిచ్చిన శాంపిళ్లు, ‘పదికి ఒకటి ఉచితం’ స్కీములు లెక్కలో ఉంటాయా లేవా అన్నది ఇంకో తేడా. ‘నికర అమ్మకాలు’ అన్న మాటకు అర్థం అరపేజీ పట్టినా ఫర్వాలేదు, రాయాలి. లెక్కల పుస్తకాలు చూసే హక్కు కూడా ఉండాలి.

మీ ఇంటికీ వస్తుందీ కాగితం

ఇదంతా పెద్ద కంపెనీల సంగతి అనుకోకండి. మీ అమ్మాయి ఫార్మసీలో పరిశోధన చేస్తూ ఉండొచ్చు. మీ తమ్ముడు ఆర్థోపెడిక్ డాక్టరు, మోకాలి కట్టుకు కొత్త డిజైన్ చేసి ఉండొచ్చు. మీ కోడలు డైటీషియన్, ఆమె వీడియోలు, డైట్ చార్టులు ఒక యాప్ వాళ్లు అడుగుతుండొచ్చు. రిటైరైన మీ బావగారు వీధి చివర ల్యాబ్ కలెక్షన్ సెంటర్ ఫ్రాంచైజీ తీసుకుందామనుకుంటుండొచ్చు. ఈ నాలుగూ మేధోసంపత్తి లైసెన్సులే. మొదటి రెండూ పేటెంటు లేదా డిజైన్‌వి, మూడోది కాపీరైటుది, నాలుగోది ట్రేడ్‌మార్కుది.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలకు ఒప్పందంలో జవాబుందో లేదో చూసుకోండి.

• ఏమిటి? ఇస్తున్నది ఏమిటో విడివిడిగా రాశారా? వీడియోలు ఇస్తే వాటిలోని మీ పేరు, ఫొటో ప్రకటనలకు వాడుకోవచ్చా?

• ఎంతమందికి? మీకొక్కరికేనా, ఇతరులకూ ఇస్తారా? ఫ్రాంచైజీ అయితే అదే వీధిలో ఇంకో సెంటర్ పెట్టకూడదని ఉందా?

• ఎక్కడ, ఎప్పటిదాకా? కాపీరైటు లైసెన్సులో కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా భావిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. చట్టం ఊహించే దాకా ఎందుకు? మీరే రాసుకోండి.

• డబ్బు దేని మీద? ఎమ్మార్పీ మీదా, వచ్చిన మొత్తం మీదా? ఎన్నాళ్లకోసారి? లెక్క చూసే హక్కుందా?

• మెరుగుపరిస్తే ఎవరిది? తీసుకున్నవారు చేసిన మార్పులన్నీ అసలు యజమానికే చెందుతాయని కొందరు రాయిస్తారు. పేటెంటు లైసెన్సులో ఇలా ఏకపక్షంగా తిరిగి లాక్కునే షరతు, పేటెంటు చెల్లుబాటును ప్రశ్నించకూడదనే షరతు, అక్కర్లేనివి కూడా అంటగట్టే షరతు చెల్లవని 140వ సెక్షన్ చెబుతోంది.

• హాని జరిగితే? రిపోర్టు తప్పొచ్చినా, పట్టీ వల్ల పుండు పడినా రోగికి జవాబు చెప్పేది ఎవరు?

• ముగింపు ఎలా? ఎన్ని రోజుల నోటీసు? మిగిలిన సరుకు ఏం చేయాలి? బోర్డు ఎప్పటిలోగా దించాలి? వైద్యం మధ్యలో ఉన్న రోగుల సంగతేంటి?

• తగువొస్తే? ముందు కూర్చుని మాట్లాడుకోవాలా, మధ్యవర్తి దగ్గరికా, కోర్టుకా? ఏ ఊళ్లో? మీరు విజయవాడలో ఉంటూ కోర్టు ఢిల్లీలో అని రాసుకుంటే, న్యాయం మీ వైపున్నా రైలు టికెట్లకే ఓపిక అయిపోతుంది.

పదిమంది వాడిన నమూనా కాగితాన్ని దించుకుని పేర్లు మార్చి సంతకం పెట్టే అలవాటు మానాలి. మేధోసంపత్తి వ్యవహారాలు తెలిసిన లాయరుకు ఒకసారి చూపించడానికి అయ్యే ఖర్చు, తర్వాత కేసు నడపడానికి అయ్యే ఖర్చు ముందు చాలా చిన్నది.

దాచాల్సిన అవసరమేంటి?

ఇక అసలు మాట. ప్రభుత్వ పరిశోధన సంస్థలు మన పన్నుల డబ్బుతో నడుస్తాయి. వాటిలో పుట్టిన మందు, టీకా, పరీక్ష కిట్టు ఏ షరతుల మీద కంపెనీల చేతికి వెళ్తోందో మనకు తెలియాలి. అడిగితే వ్యాపార రహస్యం అంటారు. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించొచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

కంపెనీల భయాన్ని కొట్టిపారేయలేం. తయారీ చిట్కాలు, ముడిసరుకు ఎక్కడ కొంటున్నారో బయటపెడితే పోటీదారుకు లాభం. అన్నీ బయటపెడితే ప్రభుత్వ సంస్థలతో చేతులు కలిపేందుకు ఎవరూ ముందుకు రారనే వాదనలోనూ కొంత బలం ఉంది. అయితే రహస్యమైన వాటిని విడిగా అనుబంధంలో పెట్టి, ఒప్పందాన్ని మాత్రం బయటపెట్టొచ్చు. మెడిసిన్స్ పేటెంట్ పూల్ తన లైసెన్సులను పూర్తి పాఠంతో ప్రజల ముందు ఉంచుతోంది. అంతర్జాతీయ కంపెనీలు, మన హైదరాబాద్ కంపెనీలు అందులో సంతకాలు పెడుతూనే ఉన్నాయి. ఎవరి వ్యాపారమూ మునిగిపోలేదు.

బయటపెట్టడంలో ఇంకో మేలుంది. పదిమంది చదువుతారని తెలిసినప్పుడు రాసేవాళ్లు జాగ్రత్తగా రాస్తారు. డొంకతిరుగుడు తగ్గుతుంది. ఏ దేశాలు, ఎంత రాయల్టీ, సరఫరా తగ్గితే ఏం చేయాలి అన్నవి అందరికీ తెలిసి ఉంటే రేపు ఒకరు మాట మార్చడమూ కష్టం.

మన పార్లమెంటు సభ్యులను, మన ప్రభుత్వాలను మూడు విషయాలు అడుగుదాం. ప్రజాధనం పెట్టిన ప్రతి మందు లైసెన్సు ఒప్పందం సంతకమైన కొద్ది నెలల్లో వెబ్‌సైటులో ఉండాలి. సరఫరా ఆగితే మరొకరికి అప్పగించే షరతు ప్రతి దాంట్లో తప్పనిసరి కావాలి. ధరకు పైహద్దు, పేద రోగులకు కొంత ఉచితం అన్నవి సోరఫెనిబ్ ఉత్తర్వులో రాయగలిగినప్పుడు ఇక్కడా రాయాలి.

ఈసారి మందుల షాపుకు వెళ్లినప్పుడు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు ఓసారి చదవండి. తయారు చేసింది ఎవరు, అమ్ముతున్నది ఎవరు, ‘లైసెన్సు కింద’ అన్న మాట ఉందా అని చూడండి. తర్వాత అదే మందు జనరిక్ పేరు చెప్పి ఎన్ని కంపెనీలవి ఉన్నాయో షాపతన్ని అడగండి. ఒక్కటే ఉందంటే ఎందుకు ఒక్కటే ఉందని మీ డాక్టరును కూడా అడగండి.